ధర్మవరంలో తెరుచుకోని ఫోల్డర్

2022 వేసవి. హిందూపురంలో ఉంటూ కంప్యూటర్ల సర్వీసు చేసిన నా ఆఖరి సంవత్సరం అది. పెనుకొండ, ధర్మవరం కూడా నేనే చూసేవాణ్ణి. ఏ మిషన్ చూశాను, లోపం ఏమిటి, ఎలా సరిచేశాను అన్నది ఏ రోజుకారోజు డైరీలో రాసుకోవడం మొదటినుంచీ అలవాటు. ఆ ఏటి డైరీ దగ్గర పెట్టుకునే ఇది రాస్తున్నాను.

పెనుకొండలో ఒక స్కూలు ల్యాబులో ఉండగా ధర్మవరం నుంచి ఖైరూన్ అనే ఆమె ఫోన్ చేసింది. ఆమె భర్త మస్తాన్ పట్టుచీరల అంచులు, కొంగులు కంప్యూటర్లో గీసే డిజైనర్. రెండు నెలల కిందట గుండెపోటుతో పోయాడట. కంప్యూటర్ చెడిపోయిందా అని అడిగాను.

"చెడిపోలేదు సార్. దాంట్లో తాళం ఆయన ఏసినాడా లేదా, అది చెప్తే చాలు. మనిషి పోయినాడు గానీ వీధిలో మాట పోలేదు."

సాయంత్రానికి వాళ్ల ఇంటికి చేరాను. ఆమె చెప్పిన సంగతి ఇది. పక్క గదిలో నాగరాజు అనే ఆయన కార్డులు పంచింగ్ చేస్తాడు. గీసిన డిజైన్ ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టడమే పంచింగ్. ఆ అట్టల దండ మగ్గం పైనున్న జకార్డు అనే పరికరానికి ఎక్కితేనే చీరలో పువ్వు పడుతుంది. ఒకరు గీయడం, ఒకరు కొట్టడం, వచ్చింది సగం సగం. చాలా ఏళ్లు ఇద్దరూ అలాగే బతికారు.

ధర్మవరంలో కొత్త డిజైన్‌ను కంటికి రెప్పలా కాచుకోవాలి. ఒకసారి వీళ్ల పెన్‌డ్రైవ్ ఎవరి చేతిలోనో పడి, వీళ్ల మగ్గం మీద చీర దిగకముందే అదే అంచు పక్క వీధిలో అమ్ముడుపోయింది. ఆ రోజు ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు: ఇక డిజైన్ గడప దాటకూడదు. గోడకు రంధ్రం చేసి రెండు కంప్యూటర్ల మధ్య వైరు వేయించారు. మస్తాన్ తన కంప్యూటర్లోని ఒక ఫోల్డర్‌ను షేర్ చేశాడు. అంటే, అందులో అతను పెట్టినది నాగరాజు తన గదిలో కూర్చుని తీసుకోవచ్చు.

అంతకు ముందు సంవత్సరం ఒక ఉదయం నాగరాజు ఆ ఫోల్డర్ తెరవబోతే తెరుచుకోలేదు. దాన్ని వాడుకునే అనుమతి మీకు లేకపోవచ్చు, దాని యజమానిని అడగండి అని తెర మీద ఇంగ్లీషులో వచ్చింది. యజమాని మస్తానే. నాగరాజు వెళ్లి అడిగాడు. మస్తాన్ తన తెర చూసుకుని, నా దాంట్లో అంతా సరిగ్గానే ఉండాది అన్నాడు. పోనీ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వమంటే, వద్దని ఒట్టు పెట్టుకున్నాం కదా, వైర్లోనే తీసుకో అన్నాడు. అది ఎగతాళిలా తోచింది నాగరాజుకు. వీధి మొగదాల టీకొట్టు దగ్గర నేతగాళ్లందరి ముందు, మస్తాన్ తనకు తాళం వేసి డిజైన్లు బయట అమ్ముకుంటున్నాడని అనేశాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. మస్తాన్‌ను మట్టి చేసేటప్పుడు నాగరాజు వచ్చాడట గానీ, ఇంట్లోకి రాలేదట.

మస్తాన్ కంప్యూటర్లో లినక్స్ ఉంది. గోడకు అవతల పంచింగ్ మిషన్ను నడిపే సాఫ్ట్‌వేర్ పాత విండోస్ మీద తప్ప పనిచేయదు కాబట్టి నాగరాజుది ఎక్స్‌పీ. రెండు వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవాలంటే రెంటికీ తెలిసిన ప్రోటోకాల్ కావాలి. కర్ణాటక సరిహద్దులోని అగళి సంతలో బేరం ఆడాలంటే ఇద్దరికీ తెలుగైనా రావాలి, కన్నడమైనా రావాలి కదా, అలాంటిదే. ఎక్స్‌పీకి వచ్చిన ప్రోటోకాల్ ఒక్కటే, అదీ మొదటి కాలపుది. భద్రత చాలదని కొత్త లినక్స్‌లు దాన్ని మూసి ఉంచుతాయి. మస్తాన్ తన లినక్స్‌ను అప్‌గ్రేడ్ చేసిన తేదీ చూశాను. అది నాగరాజుకు ఫోల్డర్ తెరుచుకోని ఉదయానికి ముందు రోజు; పాత ప్రోటోకాల్ ఆనాడే మూసుకుపోయింది.

ఖైరూన్ పాస్‌వర్డ్ చెప్పింది. షేరింగ్ సెట్టింగుల ఫైలు తెరిచాను. ఆ ఫోల్డర్‌కు అనుమతి ఉన్నవి రెండే పేర్లు, మస్తాన్, నాగరాజు. చూడటానికే కాదు, మార్చడానికి, తుడిచేయడానికి కూడా నాగరాజుకు హక్కు ఇచ్చి ఉంది. ఆ ఫైలును మూడేళ్లుగా ఎవరూ ముట్టలేదు.

నాగరాజును పిలిపించమన్నాను. అతను వచ్చి గడప బయటే నిలబడ్డాడు. ఖైరూన్ తల తిప్పకుండా, "లోపలికి రాప్పా. యాడ ఏసినాడో తాళం, నువ్వే చూసుకో" అంది.

చూపించాను. అతను తన పేరును మెల్లగా కూడబలుక్కుని చదివాడు. "మరి నాకు పర్మిషన్ లేదని రాలేదా సార్?" అన్నాడు. అది యంత్రం ఊహించి చెప్పే మాట అని, ఎందుకు తెరుచుకోలేదో దానికి తెలియనప్పుడు కూడా ఆ వాక్యాన్నే చూపిస్తుందని చెప్పాను.

ఆ రెండు కంప్యూటర్లకూ ఇప్పుడు ఇంటర్నెట్ లేదని ఖాయం చేసుకుని, పాత ప్రోటోకాల్‌ను అనుమతిస్తూ రెండు లైన్లు రాసి, షేరింగ్‌ను మళ్లీ నడిపించాను. ముగ్గురం పక్క గదికి వెళ్లాం. నాగరాజు మౌస్ నొక్కగానే ఫోల్డర్ తెరుచుకుంది. అందులో అతనెప్పుడూ చూడని డిజైన్లు వరసగా ఉన్నాయి. గొడవ తర్వాతి నెలవి, ఆ పై నెలవి, మస్తాన్ పోవడానికి నాలుగు రోజుల ముందుది.

అప్పుడు ఖైరూన్ నాగరాజు వైపు తిరిగింది. "ఎవురి కోసరం గీస్తాండావని అడిగితే, ఆడ పెడ్తాండా, కోపం తగ్గినంక వాడే తీసుకుంటాడులే అనేవాడు. నువ్వు కావాలనే తీసుకోలేదనుకున్నాడు."

నాగరాజు స్టూలు మీద కూర్చుండిపోయాడు. "వదినా, నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు.

"వీధిలో అన్న మాట వీధిలోనే చెప్పు."

అతను చెప్పులు కూడా వేసుకోకుండా టీకొట్టు దాకా నడిచాడు. వెనకే వెళ్లాను. బెంచీల మీదున్న నేతగాళ్లతో, "మస్తానన్న తాళం ఎయ్యలేదు. నేను అన్నది అబద్ధం" అన్నాడు. ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "ఆయప్ప ఉన్నప్పుడు ఈ మాట చెప్పుంటే బాగుండు కదప్పా" అన్నాడు. నాగరాజు తల ఊపాడు.

నన్ను సాగనంపుతూ ఖైరూన్, ఆ డిజైన్లన్నీ కొట్టేదాకా కంప్యూటర్ అమ్మనని చెప్పింది. నాగరాజు అప్పటికే మొదటి అట్ట మిషన్లో పెట్టుకున్నాడు.

షేరింగ్ ఫిర్యాదుకు ఎప్పుడూ రెండు కొసలుంటాయి. ఫోల్డర్ ఇచ్చినవాడి తెర అంతా బాగుందనే అంటుంది, అడిగినవాడి తెర కుదరదంటుంది. ఎవరి తెర వాళ్లకు నిజమే. పన్నెండడుగుల దూరంలో ఉండి, అవతలి తెరను ఒక్కసారి వచ్చి చూసే పని ఆ ఇద్దరూ చేయలేదు. ఆ తర్వాత నేను పనిచేసిన కొద్ది నెలల్లో ఇలాంటి ఫిర్యాదు ఎక్కడ వచ్చినా, వైరు ముట్టకముందే ఇద్దరినీ పిలిచి, ఇతన్ని అతని కుర్చీలో, అతన్ని ఇతని కుర్చీలో కూర్చోబెట్టేవాణ్ణి.