మావ కన్ను, గుత్తిపువ్వు రంగు

ఎనిమిదో తరగతికి నేను రెండేళ్ళు అవకాశం ఇచ్చాను. అది నన్ను వాడుకోలేకపోయింది. అందుకే ఈ వయసులో కూడా కుర్రాళ్ళు ఏదైనా చెబితే బుద్ధిగా వింటాను. మొన్న శ్రీకాకుళంలో మొక్కలమ్మే చోట ఒక కుండీ ముందు ఆగిపోయాను. పిడికెడేసి నీలిపూల గుత్తులు. హైడ్రాంజియా అని అట్టముక్క మీద రాసి పెట్టారు. మట్టిలో సున్నం పడితే ఈ మొక్కే గులాబి రంగు పూలు పూస్తుంది, జాగ్రత్తండీ, అన్నాడు అమ్మే కుర్రాడు. మా ఇంటావిడ పక్కకు తిరిగి నవ్వుకుంది. నేను మాత్రం కుండీ మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఈ ముక్క అరవయ్యేడులోనో అరవయ్యెనిమిదిలోనో ఎవరైనా నా చెవిన వేసి ఉంటే ఒక పెద్దాయన గుండె ఆగినంత పని అయ్యేది కాదు.

ఆ పెద్దాయన మా మేనమావ, ఇప్పటి మా ఇంటావిడ తండ్రి. రాజాంలో వాళ్ళింట్లో ఉంటూ నేను ధాన్యం కొట్లో పనిచేసేవాణ్ణి. పెరట్లో నూతి చుట్టూ మావ గులాబీలు పెంచేవాడు. కొమ్మ కత్తిరించిన ప్రతి చోటా దెబ్బకు మందు రాసినట్టు పేడ ముద్ద పెట్టేవాడు. నా మోకాలు చెక్కుకుపోయినప్పుడు మాత్రం చూసి ఊరుకున్నాడు. నూతి పక్క నీడలో ఈ హైడ్రాంజియా ఉండేది. కోరాపుట్టు కొండల నుంచి తడిగోనెలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఆ పేరుకి మాకెవరికీ నోరు తిరగలేదు, గుత్తిపువ్వు అనేవాళ్ళం. మా ఎండల్లో అది బతకడమే గొప్ప. ఏడాదికి నాలుగైదు గుత్తులు పూసేది, నికార్సయిన నీలం.

మావకి రెండు కళ్ళకీ శుక్లాలు. సంతలో సూదితో పొర తోసేవాడొకడు ఒక కన్ను పాడుచేశాడు. రెండు రోజులు లోకమంతా ఎర్రగా కనబడి, మూడో రోజు ఆ కన్ను ఆరిపోయింది. రెండోది నాలుగేళ్ళుగా మసకబారుతూ వచ్చింది. చివరికి గులాబీల్ని వాసన చూసి పోల్చుకునేవాడు. విజయనగరం ఆసుపత్రికి బయల్దేరే ముందు గుత్తిపువ్వు ఆకులు తడుముతూ, "గులాబీకి ముక్కు సాలురా. దీనికి వాసన లేదు. ఇది నీలంగా అగుపడిందంటే నాకు కన్నొచ్చినట్టే" అన్నాడు.

చలికాలం నుంచీ తోట నా చేతిలో ఉంది. మొక్క మొదట్లో చీమలు పుట్ట పెడుతుంటే వారం వారం సున్నపుతేట పోశాను. చీమలు పోయాయి, నా తెలివికి నేనే మురిశాను. అక్కడ మావకి ఆపరేషను అయింది. తలకి అటూ ఇటూ ఇసక సంచులు పెట్టి కదలొద్దన్నారట, దగ్గొద్దన్నారట. ఆ కబురు విన్నాక ఇక్కడ మేము కూడా దగ్గడానికి భయపడ్డాం. అద్దాలు ఇచ్చేదాకా నెలన్నర విజయనగరంలోనే చుట్టాలింట ఉన్నాడు. ఈలోగా మొగ్గలు విచ్చాయి. నాలుగు గుత్తులు, నాలుగూ గులాబి రంగే. అత్త చూసి దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది. కోసి పారేద్దామంటే పువ్వేదిరా అంటాడు. ఉంచితే కన్ను పోయిందనుకుంటాడు. నాలుగు రాత్రులు నాకు నిద్రలేదు.

మావ వస్తాడన్న రోజు మధ్యాహ్నం, పంచెలకు పెట్టే నీలిమందు గిన్నెలో కలిపి, గుడ్డపీలికతో రేకు రేకుకీ అద్దడం మొదలెట్టాను. మావ కూతురు గుమ్మంలో నిలబడి, "అది పువ్వా, పంచా బావా?" అంది. నవ్వలేదు. ఆ పిల్ల నవ్వకపోవడం అదే మొదటిసారి. అప్పుడైనా ఆగవలసింది.

సోడాబుడ్డి అద్దాలతో మావ బస్సు దిగి తిన్నగా పెరట్లోకి వచ్చాడు. ఎర్ర గులాబీని ఎరుపన్నాడు, పసుపుదాన్ని పసుపన్నాడు. అత్త కళ్ళు తుడుచుకుంది. తర్వాత గుత్తిపువ్వు దగ్గర వంగాడు. వంగినవాడు లేవలేదు. అద్దాలు తీసి పంచెతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. నా వంక చూశాడు, నా చేతుల వంక చూశాడు.

"పువ్వు నీలమే. ఆకులేటి నీలంగున్నాయి? మట్టి నీలం. ఈడి సేతులు నీలం." అత్త భుజం పట్టుకున్నాడు. "ఆ కన్నూ ఇలాగే పోనాది కదే. ముందు అంతా ఒకే రంగు..."

ఎంతటివాణ్ణయినా ఒక్క మాటతో బోర్లా వేస్తానని పేరున్నవాణ్ణి; ఆ క్షణాన మాటలు వదిలేసి తాడు అందుకున్నాను. నూతిలో చేద వేసి, తోడిన నీళ్ళు పూల మీద కుమ్మరించాను. మరో చేద, ఇంకో చేద. నీలం కారి మా కాళ్ళ మధ్య నుంచి పోయింది. గుత్తులు గులాబి రంగులో తేలాయి, ఆకులు మళ్ళీ ఆకుపచ్చగా కనబడ్డాయి. మావ మా ముగ్గుర్నీ ఒక్కొక్కరుగా అడిగాడు, అదేం రంగని. ముగ్గురం గులాబి రంగే అన్నాం. అప్పుడు నూతి గట్టు మీద కూలబడి చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. నన్ను తిట్టలేదు.

మర్నాడు పొద్దున్న తడిగుడ్డతో ఆకుల ఈనెల్లో మిగిలిన నీలం తుడుస్తున్నాను. వెనక మావ నిలబడి ఉన్నాడు. బెదురు దాచుకోవడానికి, నీ కన్ను బాగుందని నీకు తెలియాలనే కదా మావా ఇదంతా, అని నవ్వబోయాను. మావ నవ్వలేదు. పువ్వు మీదకి వంగి అన్నాడు:

"ఒరే, ఈ కన్ను నాలుగేళ్ళు నాకు అబద్దాలు సెప్పింది. అది మానీసిన రోజే ఆ పని నువ్వందుకున్నావేటిరా?"