దయ్యం పరుపు నొక్కి చూసిన మా ఇంటాయన

బెంగళూరు కాటన్‌పేటలో మా పరుపులంగడికి వచ్చేవాళ్ళు రెండు రకాలు. పరుపు కావాలని వచ్చేవాళ్ళు ఒకరు, మా ఇంటాయన మాటలు వినేదానికి వచ్చేవాళ్ళు ఇంకొకరు. ఈ రెండో రకమే ఎక్కువ. ఏం చేసేది, నా ఖర్మ.

ఆయన పేరు నా నోటితో నేను చెప్పను. పేటంతా ఓబులేషన్న అంటారు, మీరూ అట్లే అనుకోండి. నా పేరు నళిని. వాళ్ళ తాత కాలం నుంచి వీళ్ళది దూది పనే. పొద్దున దిండ్లు కుడతాడు, పరుపులు కుడతాడు. మధ్యాహ్నం గిరాకీ తగ్గినాక వెనక గదిలో దూది మూటల నడుమ కూర్చొని కంప్యూటర్లో గేములు ఆడతాడు. ఆడితే ఆడనీ, ఎవరొద్దన్నారు? ఆడేటప్పుడు ఊరికే ఉంటాడా? మైకు ముందర పెట్టుకొని ఆ గేము మంచి చెడ్డా అంతా చెప్పి నెట్లో పెడతాడు. అది వినేదానికి హిందూపురంలో, చింతామణిలో, జిగణి ఫ్యాక్టరీల్లో జనం ఉండారంటే మీరు నమ్మరు. నేనూ నమ్మలేదు.

ఫైటింగు గేములంటే ఆయనకి ఒళ్ళు మంట. ఆడేదీ అవే, తిట్టేదీ అవే.

"చూడండప్పా, ఈ హీరో నాలుగో అంతస్తు నుంచి దూకినాడు. లేచినాడు. ప్యాంటు గూడా దులుపుకోకుండా పరిగెత్తినాడు. మా అంగట్లో మూటలు మోసే రామాంజి మామ పోయినేడు ఆటో మీద నుంచి జారినాడు. పడింది యాడ? మా పరుపు మీదనే. అయినా ఉగాది దాకా కుంటినాడు. గేము తీసినోళ్ళు ఒక్కసారన్నా యాడన్నా పడినారా అని నేను అడుగుతాండా."

ఇంకొక దినం కార్ల గేము. పోలీసులు వెంటపడితే హీరో కారెత్తుకొని ఊరంతా తిరుగుతాడు. "ఈ మొగోణ్ణి తెచ్చి సాయంత్రం ఆఫీసులు వదిలే పొద్దులో కె.ఆర్.పురం వంతెన కాడ వదలండి. పోలీసులు నడుచుకుంటా వచ్చి పట్టుకుంటారు, మధ్యలో ఆగి టీ గూడా తాగొచ్చు" అన్నాడు. అది విని మా రామాంజి మామ నవ్వి నవ్వి కండ్ల నీళ్ళు పెట్టుకున్నాడు.

విలన్లంటే అసలు పడదు. "చచ్చేవాడు సుమ్నే గమ్మున చావకుండా ఇంత సేపు మాట్లాడతాడేందప్పా? ఇది యుద్ధమా, మన పేట వర్తకుల సంఘం మీటింగా?" అన్నాడు ఒకసారి. సంఘం ప్రెసిడెంటు గోపాలప్పన్న దాన్ని విన్నాడు. ఆయనది మా ఎదురంగడే. అప్పటినుంచి ఆ మనిషి మా తట్టు చూస్తే మొహం ముడుచుకుంటాడు.

ఇంక దయ్యాల గేములు. వీటి మీద ఆయనకి ఒక శాస్త్రమే ఉండాది. హీరో పాడుబడిన బంగ్లాలోకి పోతాడు గదా, అందరూ దయ్యం యాడుందా అని చూస్తారు. ఈయన మంచం యాడుందా అని చూస్తాడు. మంచం కనపడితే చాలు, హీరోని అక్కడికి నడిపించుకుంటా పోయి పరుపు నొక్కి చూస్తాడు.

"చూసినారా? దూది ఉండలు కట్టింది. ఎండలో వేసి ఎన్నేండ్లయిందో! ఇట్లాంటి దాని మీద పడుకుంటే నడుము పట్టదా, నిద్ర చెడదా? ఆ బేజారుతో మనిషి దయ్యం కాక ఏమౌతాడు? మంచి దూది పరుపు మీద పడుకొని పోయినోళ్ళు ఎవరూ దయ్యాలు కాలేదప్పా. మా తాత కాలం నుంచి ఒక్క కంప్లైంటు రాలేదు."

చివర్లో ఎప్పుడూ ఒకటే మాట: "భయమా? నాకా?"

ఆహా! పైన పటారం, లోన లొటారం. ఆ వీడియోల్లో కనపడని సంగతి నేను చెప్తా వినండి. దయ్యాల గేము ఆడేటప్పుడు నేను పక్కన కూర్చోవాల్సిందే. నా కొంగు ఎడమ చేతికి చుట్టుకొని గాని మొదలుపెట్టడు. దయ్యం వచ్చే టైముకి కండ్లు గట్టిగా మూసుకుంటాడు. "పోయింది, తెరువు" అని నేను చెవిలో గుసగుసగా చెప్పాల. నేను ఒక పక్క చిక్కుడుకాయలు ఒలుచుకుంటా ఇంకో పక్క దయ్యాన్ని చూసి చెప్పాల. నాకేం భయం? పందికొక్కుని పొరకతో కొట్టినదాన్ని.

అయినా ఇంతకాలం ఓర్చుకున్నానంటే ఒక కారణం ఉండాది. స్ప్రింగు పరుపులు వచ్చి మా గిరాకీ పడిపోయిన కాలంలో ఈ మనిషి మాట పడిపోయినట్ల అయిపోయినాడు. గోడకేసి చూస్తా కూర్చునేవాడు. తిన్నావా అంటే ఊ, పడుకుంటావా అంటే ఊ. ఈ గేముల పిచ్చి పట్టినాకనే మళ్ళా నోరు లేచింది, నవ్వు వచ్చింది. అందుకే తిట్టుకుంటానే పక్కన కూర్చుంటా ఉంటి.

మొన్న ఆయుధ పూజ వచ్చింది. కత్తెర్లు, దబ్బనాలు, దూది ఏకే మిషను, తక్కెడ, స్కూటరు అన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టినా. ఈయన గమ్మున పోయి ఆ గేములాడే బటన్ల పిడి తెచ్చి అమ్మవారి పటం ముందర పెట్టినాడు.

"ఇదేంది?"

"నా ఆయుధం."

"సిగ్గుండాదా నీకు?" అన్నా. అన్నానే గాని, పండగ పూట గలాటా ఎందుకని దానిక్కూడా గంధం, కుంకుమ బాగా పట్టించి చేమంతిపువ్వు పెట్టినా.

సరిగ్గా అప్పుడు గోపాలప్పన్న కూతురు నవ్య ప్రసాదం తీసుకునేదానికి వచ్చింది, వెనకనే వాళ్ళ నాయన. ఆ పిల్ల కాలేజీలో గేములు తయారుచేసే చదువే చదువుతాండాది. "ఓబులేషన్నా, మేము ఫ్రెండ్సు కలిసి ఒక దయ్యం గేము చేసినాము. రేపు మా గోడౌన్లో అందరి ముందర ఆడతారా? కానీ పక్కన నళినక్క కూర్చోకూడదు. మీ వీడియోల్లో దయ్యం వచ్చినప్పుడల్లా గాజుల చప్పుడు వినిపిస్తాది" అంది. ఎంత గడుసుదో చూడండి.

గోపాలప్పన్న మీసం దువ్వుకుంటా, "ఆడతా అరిస్తే ఏం చేస్తావప్పా?" అన్నాడు. మీటింగు మాట కడుపులో పెట్టుకోనుండాడు గదా.

మా ఆయనకి రోషం వచ్చింది. కుంకుమ పెట్టిన ఆ పిడి మీద చెయ్యేసి, "అరిస్తే ఇంక జన్మలో గేముల గురించి నోరెత్తను. అమ్మవారి మీద ఒట్టు" అన్నాడు.

నిజం చెప్తే ముందు నాకు సంతోషమే అయింది. పీడ వదిలె, ఇంక చిక్కుడుకాయలు నిమ్మళంగా ఒలుచుకోవచ్చు అనుకున్నా. తర్వాత ఆయన మొహం చూసినా. తానేమన్నాడో అప్పుడే తనకి తెలిసినట్లుండాది, చేతిలో ప్రసాదం నోటిదాకా పోలేదు. ఆ నోరు పోతే ఈ మనిషి మళ్ళా గోడకేసి చూస్తా కూర్చుంటాడు గదా అని నాకు గుబులు పట్టుకొనింది.

మర్నాడు విజయదశమి. మధ్యాహ్నమే గోడౌను షట్టరు దించి చీకటి చేసినారు. మా పరుపులే పరిచి జనాన్ని కూర్చోబెట్టినారు. పెద్ద తెర కట్టినారు. నన్ను వెనక వరసలో గోడకి ఆనించినారు. పిడి మీద కుంకుమ తుడువు అని నేనంటే, ఒట్టు పెట్టిన ఆయుధం, తుడవకూడదన్నాడు. చెమటకి అరచేతులు రెండూ ఎర్రగా అయిపోయినాయి.

మొదలైంది. పాత ఇల్లు, చెక్క మెట్లు, తానే ఊగే ఉయ్యాల. మా ఆయన కదలకుండా కూర్చున్నాడు. "ఇంత పెద్ద ఇల్లు ఖాళీగా ఉండాదంటే ఇది బెంగళూరు కాదప్పా. ఇక్కడైతే దయ్యం ఉండాదని చెప్పినా, అయితే వంటింటికి కిటికీ ఉందా అని అడిగి అద్దెకొస్తారు" అని జోకు గూడా వేసినాడు. జనం నవ్వినారు. నాకు ధైర్యం వచ్చింది. గెలుస్తాడులే అనుకున్నా.

అప్పుడు తెర మీద ఒక గది వచ్చింది. గదిలో మంచం. మంచం మీద చారల పరుపు.

నేను నవ్య తట్టు చూసినా. ఆ పిల్ల పెదవి కొరుక్కొని నవ్వు ఆపుకుంటాండాది. ఓరి దేవుడా, ఈయన పరుపు కనపడితే నొక్కకుండా పోడని దానికి తెలుసు! పరుపు జోలికి పోవద్దప్పా అని అరుద్దామంటే పందెం చెడుతాది. మింగలేక కక్కలేక కూర్చున్నా.

"ఇప్పుడు చూడండి, దీంట్లో దూది ఎట్లుండాదో చెప్తా" అంటా బటను నొక్కినాడు.

పరుపు కుట్లు పట పట తెగినాయి. తెరంతా దూది ఎగిరింది. ఆ దూదిలో నుంచి జుట్టు విరబోసుకొని, ఇంత నోరు తెరుచుకొని ఒకతి లేచి ఆయన మొహం మీదికే వచ్చింది.

"అమ్మోవ్!"

అంత సన్నని కేక నేను పురుళ్ళ ఆసుపత్రిలో గూడా వినలేదు. అదే టైముకి రామాంజి మామ జడుసుకొని కాలు ఝాడిస్తే ప్లగ్గు ఊడి తెర ఆరిపోయింది. కటిక చీకటి.

"ఎవరది అరిచింది?" అన్నాడు గోపాలప్పన్న. "ఆడగొంతు మాదిరి ఉండాదే?"

నేను ఆలోచించనే లేదు. "నేనే! నేనే అరిచినా!" అని లేచి నిలబడినా.

షట్టరు ఎత్తినారు. వెలుతురు పడంగానే ముందర వరసలో ఆడోళ్ళు మొగోళ్ళు అందరూ కలిసి మళ్ళా కెవ్వుమన్నారు. మా ఆయన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని ఉన్నట్లుండాడు, ఆ కుంకుమంతా మూతికి అంటుకొని, ఎవరినో కొరికి వచ్చినోని మాదిరి కూర్చోనుండాడు.

"ఏందప్పా మూతికి ఆ కుంకుమ?" అన్నాడు గోపాలప్పన్న.

"అమ్మవారి కుంకుమ గదన్నా, కండ్లకద్దుకోబోయి చీకట్లో మూతికద్దుకున్నాడు" అన్నా నేనే. నవ్య నన్ను చూసింది, నేను దాన్ని చూసినా, అది తల దించుకుంది. ఓబులేషన్న గెలిచినాడని దండ వేసినారు.

ఇంక నా గతి చూడండి. పూలమ్మే పాపక్క మొదలుకొని పేటంతా, "ఏమే నళినీ, కంప్యూటర్లో దయ్యానికే అంత భయమా?" అనేవాళ్ళే. పందికొక్కుని కొట్టినదాన్ని! ఆ మనిషేమో థాంక్సూ చెప్పలేదు, ఏమీ చెప్పలేదు. కడుపు రగిలిపోయింది నాకు.

మర్నాడు మధ్యాహ్నం మైకు ముందర కూర్చున్నాడు. గెలిచిన గొప్ప చెప్పుకుంటాడు, నన్ను పిరికిదాన్ని చేస్తాడు, చూస్తానుండు అని గుడ్డ కొలిచే గజంబద్ద తీసుకొని మూటల వెనక నిలబడినా.

"నిన్న గేములో దయ్యం రాంగానే ఒక కేక వినపడింది" అని ఎత్తుకున్నాడు. "మా ఇంటామె..."

బద్ద పైకెత్తినా.

"మా ఇంటామె అరవలేదు. ఆమె జన్మలో దేన్ని చూసీ అరవలేదు, నా మీద తప్ప. అరిచింది నేను. ఇన్ని దినాలూ కండ్లు మూసుకొని ఆడింది గూడా నేనే, చూసి చెప్పింది ఆమె. ఒట్టంటే ఒట్టే. ఉంటానప్పా."

మైకు ఆపేసినాడు. బద్ద నా చేతిలో అట్లే ఉండిపోయింది. ఏడుపొచ్చింది. దొంగ సచ్చినోడు, ఆ మాట ముందు నాకు చెప్పకూడదా!

ఆ పొద్దు నుంచి కుక్కిన పేనే. గేములు ఆడతాడు, కండ్లూ మూసుకుంటాడు, మాట మాత్రం లేదు. నోరు తెరుస్తాడు, ఒట్టు గుర్తొస్తాది, మూసుకుంటాడు. వినేవాళ్ళంతా ఏమైంది ఓబులేషన్నా అని మెసేజుల మీద మెసేజులు. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టప్పా" అని నేనంటే, ఆయుధం మీద పెట్టిన ఒట్టు అని తల అడ్డంగా ఊపినాడు. చూస్తా చూస్తా ఒకదినం ఆట గూడా ఆపేసి, గోడకేసి చూస్తా కూర్చున్నాడు.

నా వల్ల కాలేదు. స్టూలు ఈడ్చుకొని మైకు ముందర కూర్చున్నా. "ఆడు" అన్నా.

ఏమిటన్నట్లు చూసినాడు.

"నోరెత్తనని ఒట్టు పెట్టింది నువ్వు. నేను పెట్టలేదు. నువ్వు ఆడు, చేత్తో చూపించు, నేను చెప్తా."

ఆ మొహం వెలిగింది చూడండి, మా పెండ్లిలో గూడా అట్ల వెలగలేదు. గేము పెట్టినాడు. చెయ్యి చాపి నొక్కినట్లు చూపిస్తే, పరుపు మెత్తగా లేదని చెప్పినా. నడుము పట్టుకుంటే, నడుము నొప్పి అని చెప్పినా. కాసేపు అట్లే చెప్తా పోయినా. తర్వాత నాకు దయ్యం మీద ధ్యాస పడి ఆయన చేతులు చూసేది మరిచిపోయినా.

"చూడండమ్మా, పరుపుదేం లేదు, అదంతా ఈయన యాపారం మాట. ఈ దయ్యం బాధ వేరే. ఇంట్లో చూడండి, యాడ చూసినా బూజు, తోమని గిన్నెలు, ఒక్క మొగోడు చెయ్యేసినట్ల ఉండాదా? ఇంత చాకిరీ ఒక్కతే చేస్తే ఎవరైనా వచ్చినోళ్ళ మీద పడి కరుస్తారు. ఇది దయ్యం కాదు, అలిసిపోయిన ఆడమనిషి!"

పక్కన ఈయన తల అడ్డంగా ఊపుతాండాడు. కాలు నేలకేసి తాటిస్తాండాడు. పరుపు వైపు వేలు చూపిస్తాండాడు. ఆఖరికి ఆపుకోలేక నా చెవి దగ్గరికొచ్చి, "అట్ల కాదే, ముందు దూది..." అన్నాడు.

ఆయన నోటికి నా అరచెయ్యి అడ్డం పెట్టినా.

"గమ్మునుండు. అమ్మవారి మీద ఒట్టు" అని చెప్పి మైకు ఇంకొంచెం నా తట్టు లాక్కున్నా. "వినండప్పా, నేనింకా చెప్పాల్సింది చానా ఉండాది."