తుప్పు తీయడమే నా తప్పు

ఎవరూ అడగకుండా, శ్రద్ధగా, శుభ్రంగా ఒక పని చేస్తే ఎంత ఉపద్రవం వస్తుందో తెలుసుకోవాలంటే ఇది చదవండి. జరిగి ఆరేళ్లయింది. అప్పటికి నాకు డెబ్బై ఒకటి. చిన్నతనం, లోకం తెలియదు.

ముందే ఒక సంగతి చెప్పాలి. మిషిగన్‌లో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క సంవత్సరాల నాలుగు నెలలు తనిఖీ ఉద్యోగం చేశాను. తుప్పు మచ్చ ఉన్న ముక్క ఒక్కటి కూడా నా బల్ల దాటి బయటికి పోలేదు. అలాంటి నన్ను మా మనవరాలు నీలిమ ఎడారికి తీసుకెళ్లింది.

అది కాలిఫోర్నియాలో చదువుకుంటోంది. "అమ్మమ్మా, నువ్వు కూడా రా. ఇట్స్ లైక్ జాతర" అంది. లోకం నాశనమయ్యాక మిగిలినవాళ్లు తుప్పు బండ్లేసుకుని నీళ్ల కోసం కొట్టుకునే సినిమాలున్నాయి చూడండి, వాటి అభిమానులు ఏడాదికోసారి నిజం ఎడారిలో చేరి, ఆ వేషాలే వేసుకుని మూడు రోజులు తిరుగుతారట. మా రోజుల్లో అభిమానులు తెర ముందు కాగితం ముక్కలు చల్లి, ఇంటికెళ్లి అన్నం తినేవారు. శనివారం సాయంత్రం ఐదింటికి ఊరేగింపు. నీలిమ ఒక బండి మీద నిలబడాలి. ఐదు దాటితే గేటు మూసేస్తారు.

ఆ పొద్దున పదీ ఇరవైకి ఎడారి అంచున ఉన్న మోటెల్‌కి చేరాం. ఐదు గంటలు డ్రైవ్ చేసిన పిల్ల పడుకుని నిద్రపోయింది. నేను ఊరికే కూర్చోలేను కదా, దాని సంచి తెరిచాను. తెరవకుండా ఉంటే ఈ కథ ఉండేది కాదు, నా పరువు ఉండేది.

లోపల ఒక కోటు, ఒక ప్యాంటు. కన్నాలు లెక్కపెట్టాను: ముప్పై ఏడు. భుజాల మీద ఇనప బిళ్లలు పద్నాలుగు, పద్నాలుగూ తుప్పే. వేషమైతే మాత్రం శుభ్రంగా ఉండకూడదా? నాటకంలో బిచ్చగాడికైనా ఉతికిన గుడ్డలే ఇస్తారు! పులిహోర కోసం తెచ్చిన చింతపండు నానబెట్టి, ఉప్పేసి బిళ్లలు తోమాను. పెళ్లివారి గంగాళాల్లా మెరిశాయి. బట్టలు మోటెల్ మెషీన్‌లో రెండుసార్లు ఉతికి, ముప్పై ఏడు కన్నాలూ జంట దారంతో కుట్టి, ఇస్త్రీ చేసి, మడత నలగకుండా సంచిలో పెట్టాను. పిల్ల లేచాక ఆశ్చర్యపరుద్దామని నోరు మూసుకున్నాను. జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు మూడు. మూడూ నష్టమే.

మూడూ నలభైకి గేటు ముందు కారు ఆగింది. ఎండ మమ్మల్ని పెనం మీద అట్టులా తిరగేస్తోంది. వేషం వేసుకుందామని నీలిమ సంచి విప్పి కెవ్వుమంది.

"అమ్మమ్మా! ఇది ఎందుకు షైన్ అవుతోంది?"

"తోమాను."

"నేను ఎయిట్ మంత్స్ రస్ట్ చేశాను! వెనిగర్ పోసి, బాల్కనీలో పెట్టి, ఎయిట్ మంత్స్!"

"తుప్పు పట్టించావా? కావాలనా?"

"నా హోల్స్ ఏవి? అమ్మమ్మా, నా హోల్స్ ఏవి?"

కన్నాలు పోయాయని ఏడ్చే మనిషిని చూడటం నాకదే మొదటిసారి.

గేటు దగ్గర ఒకాయన ఉన్నాడు. భుజాలకి టైరు ముక్కలు, నడుముకి గొలుసు, కింద తోలు ప్యాంటు. పాత టైర్ల కొట్టుకి కాళ్లొచ్చినట్టున్నాడు. కోటు చూసి తల అడ్డంగా ఊపాడు.

"లోకం అంతమైపోయింది మ్యామ్. ఇస్త్రీ ఎక్కడిది?"

"లోకంతోపాటు సూదీ దారం కూడా అంతమైపోయాయా? మిగిలినవాళ్లలో ఒక్కరికీ కుట్టడం రాదా?"

"రూలు మ్యామ్. మాసి, చిరిగి, తుప్పు పట్టి ఉంటేనే లోపలికి."

సరిగ్గా ఈ మూడింటికే నేను ముప్పై ఒక్కేళ్లు సరుకు వెనక్కి పంపాను! నన్ను మాత్రం ఏ వేషమూ అక్కర్లేదు, ఉన్నదున్నట్టే లోపలికి వెళ్లొచ్చన్నాడు. ఎందుకో నేను అడగలేదు, మీరూ అడగకండి.

"ఫ్రెండ్స్ లోపల వెయిట్ చేస్తున్నారు అమ్మమ్మా" అని నీలిమ వెక్కిళ్లు పెట్టింది. దాంతో నా కోపం ఒక మెట్టు దిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బట్టలు ఉతికాక మట్టి పట్టుకున్నాను.

కోటూ ప్యాంటూ నేల మీద పరిచి ఇసక పోశాం. ఫ్లాస్కులో కాఫీ పోశాం. కారుతో ఐదుసార్లు తొక్కించాం. చివరికి గుండె రాయి చేసుకుని, అన్నంలోకి తెచ్చుకున్న ఆవకాయ సీసా బోర్లించాను. ఆ ఎర్రనూనె ఇసకతో కలిసి బిళ్లలకు పట్టేసరికి పుట్టుకతో వచ్చిన తుప్పులా తయారైంది. ఇదీ నా ఉద్యోగజీవితానికి దక్కిన సన్మానం.

నాలుగూ నలభై ఒకటికి మళ్లీ గేటు. టైర్లాయన కోటు వాసన చూశాడు.

"అద్భుతం! ఏం కెమికల్?"

"ఆవకాయ."

"సరే. మరి చిరుగులు?"

నీలిమ ఒక కుట్టు పట్టుకుని లాగింది. ఊడలేదు. రెండోది లాగింది. ఊహూ.

"నా కుట్టు నాయనా అది" అన్నాను. సమయం కాదని తెలిసినా గర్వం ఆగలేదు.

"నేను చూస్తా" అని ఆయన కోటు కొస బూటు కింద తొక్కిపెట్టి, రెండు చేతులతో పట్టుకుని, వంగి, బలమంతా పెట్టి లాగాడు.

పర్ర్‌ర్ర్!

నీలిమ చప్పట్లు కొట్టింది. వెనక వరుసలోవాళ్లు ఈలలేశారు. కోటు మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన రెండు చేతులూ మెల్లిగా తన వెనక్కి వెళ్లాయి.

"మ్యామ్," గొంతు తగ్గించాడు, "మీ దగ్గర సూది ఉందా?"

"సూదా? లోకం అంతమైపోయింది కదా!"

"ప్లీజ్ మ్యామ్. ఇది వేషంలో చిరుగు కాదు."

"రూలు ప్రకారం మాసి, చిరిగి..."

"మ్యామ్!"

నా సంచిలో దబ్బనం కూడా ఉంటుంది. టైర్ల గుట్ట చాటున ఆయన్ని నిలబెట్టి, పదకొండు కుట్లు, నాలుగు నిమిషాలు. నాలుగూ యాభై మూడుకి గేటు తెరిచాడు. కోటు వంక చూడలేదు, చిరుగుల మాటెత్తలేదు. ఐదింటికి నీలిమ ఆవకాయ గుబాళిస్తూ బండి మీద నిలబడి "అమ్మమ్మా!" అని రెండు చేతులూ ఊపింది. చంకలో ఒక్క కుట్టు ఊడలేదు. చూశాను.

అక్కడే నోటుబుక్కు తీసి, తేదీ, సమయం వేసి, ఎడారి సాక్షిగా ఇలా రాసుకున్నాను: "ఇకమీదట ఏ కన్నమైనా సరే, ఇది బతుకులో కన్నమా, వేషంలో కన్నమా అని యజమానిని అడగనిదే సూది ముట్టను. తుప్పు విషయంలోనూ ఇంతే."

కింద సాక్షి సంతకం టైర్లాయనది. కూర్చుని పెట్టు నాయనా అని కుర్చీ జరిపితే, వద్దని నిలబడే పెట్టాడు. నా కుట్టు మీద నమ్మకం లేదట! ముప్పై ఏడింటిలో ఒక్కటీ ఊడనిది కళ్లారా చూసి కూడా!