ట్రైనీకి అందిన కరచాలనం

కృష్ణపట్నంలో ఒక సర్వే సంస్థలో సీనియర్ డ్రాఫ్ట్ సర్వేయర్‌గా నా ఉద్యోగం ఇంకో మూడేళ్లు ఉందనగా జరిగిన సంగతి ఇది. ఓడలో వచ్చిన వేల టన్నుల బొగ్గును త్రాసులో పెట్టి తూచలేం. సరుకుతో ఓడ నీటిలో ఎంత మునిగిందో, దించాక ఎంత తేలిందో చూసి ఆ తేడా నుంచి బరువు కడతాం. ఓడ పక్కల మీద లోతు అంకెలు వేసి ఉంటాయి. ముందు, మధ్య, వెనక, రెండు వైపులా కలిపి ఆరు చోట్ల నీరు ఏ అంకెను తాకుతోందో చదవాలి. ఒడ్డు వైపు మూడూ నడుస్తూనే చదవొచ్చు. సముద్రం వైపు మూడింటికి పడవలో పోవాలి.

అప్పటికి ఇరవై ఆరేళ్లుగా ఆ పనిలో ఉన్నాను. అయినా ఓడ ఎక్కగానే నన్ను సర్వేయర్ అనుకున్నవాళ్లు తక్కువ. నేను పొట్టి, నలుపు, ముందు పళ్లు ఎత్తు. ఒకసారి ఒక చీఫ్ ఆఫీసర్, అంటే ఓడలో కెప్టెన్ తర్వాతివాడు, సరుకు లెక్క చూసేవాడు, తాగేసిన టీ కప్పు నా చేతికిచ్చి సర్వేయర్ ఎప్పుడొస్తాడని అడిగాడు. కప్పు పక్కన పెట్టి కార్డు చూపించాను. ఇలాంటివి నవ్వి వదిలేస్తానని ఇంట్లో చెప్పేవాణ్ణి. ఒక్కటీ వదల్లేదు.

అప్పుడు ప్రదీప్ అనే ట్రైనీని నా కింద వేశారు. వెంకటాచలం ఊరివాడు, పాతికేళ్లవాడు. ఆరడుగుల ఎత్తు, పచ్చని ఛాయ. ఇద్దరివీ ఒకే నారింజ రంగు బాయిలర్ సూట్లు. అతని ఒంటి మీద అది అధికారి దుస్తుల్లా ఉండేది, నా ఒంటి మీద ఎవరిదో అడిగి తొడుక్కున్నట్టుండేది. మొదటి ఓడలోనే కెప్టెన్ నన్ను దాటి వెళ్లి అతనితో చెయ్యి కలిపాడు. సర్వేయర్ ఆయనేనని, తాను ట్రైనీనని ప్రదీప్ వెంటనే చెప్పాడు. ఆ మర్యాద నన్ను ఇంకా మండించింది. తర్వాతి ఓడల్లోనూ అదే వరస. చివరికి క్యాంటీన్‌లో అతనికి అడక్కుండా వచ్చే రెండో ఆమ్లెట్‌ను కూడా ఓరకంట చూసేవాణ్ణి.

ఇంత అందగాడికి పనేం వస్తుందిలే అని తేల్చుకున్నాను. ట్రైనీ ఒంటరిగా సర్వే చేసి సంతకం పెట్టాలంటే ఆరు నెలల తర్వాత సీనియర్ అర్హత లేఖ రాయాలి. ఎనిమిదో నెల వచ్చినా నేను రాయలేదు. అతను అడగలేదు.

నవంబరులో గాలి గట్టిగా ఉన్న రోజున ఒక బొగ్గు ఓడకు వెళ్లాం. అలల్లో నీటి మట్టం నిలవదు. ఎత్తూ పల్లమూ పలుమార్లు రాసుకొని సగటు తీయాలి. పడవలో ప్రదీప్‌కు వాంతులయ్యాయి. నాకు సంతోషమేసింది. అతను మూతి తుడుచుకొని మళ్లీ అంకెల వైపు తిరిగాడు. నేను నాలుగు అలలు చూసి రాసేశాను. మధ్య అంకెల దగ్గర మా ఇద్దరికీ ఐదు సెంటీమీటర్లు తేడా వచ్చింది. అంత పెద్ద ఓడకు ఒక్క సెంటీమీటరంటే అరవై టన్నుల పైమాటే.

పైకెక్కాక చీఫ్ ఆఫీసర్ తన లెక్కకు ప్రదీప్ అంకే దగ్గరగా ఉందన్నాడు. ముఖం చూసి అంటున్నాడనుకొని నా అంకె మీదే పట్టుబట్టాను. ఆ ఆఫీసర్ వాదించకుండా, మళ్లీ చూద్దామని మాతో పాటు పడవలోకి దిగాడు. పడవ నడిపే శీనయ్య, ఆ తీరంలోనే వేట చేసి పెరిగినవాడు, నా పక్కకు వంగి మెల్లగా అన్నాడు.

"దేవసహాయం సారూ, ఆ అబ్బయ్య ఇరవై అలలు చూసినాడు. మీరు నాలుగే చూసినారు. మీరట్ల చేసేది నేనెప్పుడూ చూళ్లేదు."

ముగ్గురం ఇరవై అలలు చదివాం. ప్రదీప్ అంకె నిలిచింది. నా అంకె కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను.

తిరిగొచ్చేటప్పుడు జీపులో, ఇక్కడికి రాకముందు తడ ఫ్యాక్టరీలో చేసిన మంచి ఉద్యోగం ఎందుకు మానేశావని ప్రదీప్‌ను అడిగాను.

"మెకానికల్ డిప్లొమాతో చేరినాను సార్. చూసేదానికి బాగుండాడని విజిటర్లకు ఫ్యాక్టరీ చూపించే పనిలో పెట్టినారు. రెండేళ్లు స్పానర్ పట్టుకోనియ్యలేదు. ఇక్కడన్నా పని నేర్చుకుందామని వస్తే..."

"వస్తే?"

"మీరు గూడా నా మొహమే చూస్తా ఉండారు సార్."



మర్నాడు లేఖ రాశాను. రెండు నెలల ఆలస్యమెందుకని మేనేజర్ అడిగితే, ట్రైనీలో లోపం లేదని, రాయనిది నేనేనని చెప్పాను. ఆయన దాన్ని నా ఫైల్లో రాసుకున్నారు. తర్వాతి వారం, ఓడలు ఆగే పక్క బెర్తులో ప్రదీప్ తన మొదటి ఓడ ఎక్కుతుంటే చూశాను. కెప్టెన్ ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. ఈసారి అది సరైన మనిషికే అందింది. అయినా నాకు మండింది.

అసూయ పోయిందని రాస్తే అబద్ధం. ముఖం చూసి నన్ను పక్కకు నెట్టినవాళ్లను ఇరవై ఆరేళ్లు మనసులో పెట్టుకున్న నేను, అదే పని ఇంకొకరికి చేశాను. తగిలిన దెబ్బ మనిషికి దానంతటది బుద్ధి నేర్పదు. రిటైరయ్యేదాకా ఒక పద్ధతి మాత్రం పాటించాను. నాకు కిట్టని మనిషి అంకె నా అంకెతో కలవకపోతే, ముందు నాదే మళ్లీ చదివేవాణ్ణి.