నుదురు నుంచి గడ్డం దాకా

అలిపిరికి పోయే దారిలో మాకు చిన్న ఫొటో కప్పుల కొట్టు ఉంది. ఫోనులో ఫొటో పంపితే కప్పు మీదో, తాళంచెవుల బిళ్ళ మీదో అచ్చువేసి ఇస్తాను. ఈ పని నాకెవరూ నేర్పలేదు. పదో తరగతితో బడి ఆగిపోయాక శాఖా గ్రంథాలయమే నాకు కాలేజీ అయింది. అక్కడ చిత్రలేఖనం అరలో నేను చదవని పుస్తకం లేదు. కన్నుకీ కన్నుకీ మధ్య ఎంత ఎడం ఉండాలో, చెవి ఏ వరసలో మొదలవుతుందో అడిగితే ఠక్కున చెప్పేదాన్ని. ఒక ముఖాన్ని ఒక్కసారి చూస్తే మరిచిపోనని కొట్టుకు వచ్చినవాళ్ళకు గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

ఆ గొప్ప ఒక్క పూటలో పోయింది. గుండు చేయించుకున్న ముసలావిడ ఎవరైనా గుంపులో కనబడితే ఇప్పటికీ దగ్గరికి పోయి ముఖం చూసిగాని కదలను.

దానికి ముందు నేను చేసిన ఒక తుంటరి పని చెప్పాలి. ముఖాలు మార్చే యాప్ ఒకటి దించుకుని, మామకు కొప్పు, మా ఆయనకు రెండు జడలు, అత్తకు నున్నటి గుండు పెట్టి బంధువుల గ్రూపులో వేశాను. అందరూ నవ్వారు. అత్త మాత్రం ఫోను తిప్పి బల్ల మీద బోర్లా పెట్టింది.

"మీ మామ బతికుండంగానే నాకు గుండు కొట్టిస్తివి గదమ్మే. చేతులు ఊరికే ఉండవా నీకు?"

వెంటనే తీసేశాను. రెండు నెలలు తిరక్కుండా మామకు గుండె ఆపరేషన్ అయింది. అత్త నన్ను ఒక్క మాట అనలేదు. ఇన్ని పుస్తకాలు చదివినదాన్నే, అయినా ఆ ఫొటోనూ ఈ ఆపరేషన్నూ నాలో నేనే ముడివేసుకుని కుమిలిపోయాను. మామ క్షేమంగా ఇంటికొస్తే తలనీలాలు ఇస్తానని ఆమె మొక్కుకుంది. మామ కోలుకున్నాక మేమిద్దరమే బస్సులో కొండెక్కాం.

కళ్యాణకట్ట ముందు ఆమె కళ్ళద్దాలు తీసి నా చేతిలో పెట్టింది. ఫోను, చెప్పులు కూడా ఇచ్చింది. చంకలో చుట్టిపెట్టుకున్న మారు చీర ఒక్కటే తీసుకుంది.

"బయటికొచ్చే వాకిట్లోనే నిలబడు. యాడికీ పోవద్దు. అద్దాలు లేకుంటే నాకు మనుషులు రంగులే తప్ప ముఖాలు కనపడవు."

"పోను అత్తా. తొందరగా రా. మాత్ర వేసుకున్నావు, ఇంకా ఏమీ తినలేదు."

ఆమెకు షుగరు. ఒకసారి మాత్ర వేసుకుని తిండి ఆలస్యమైతే వంటింట్లోనే కళ్ళు తిరిగి పడిపోయింది. బిస్కెట్ల పొట్లం నా సంచిలోనే ఉంది.

వాకిట్లో నిలబడ్డాను. ఇంతలో ఒక గిరాకీ మెసేజి వచ్చింది. పుట్టినరోజు కప్పు మీద పాప చెవులు తెగిపోయాయట, సాయంత్రానికి సరిచేసి ఇవ్వాలట. ఫోనులోనే ఆ ఫొటోను సర్దుతూ, ఎవరైనా దగ్గరికొచ్చినప్పుడల్లా తలెత్తి చూశాను. అన్నీ చందనం పూసిన గుండ్లు. మళ్ళీ తల దించుకున్నాను.

గంట దాటింది. లోపలికి పరుగెత్తి అడిగితే, ఆమెతో కూర్చున్నవాళ్ళంతా ఎప్పుడో వెళ్ళిపోయారన్నారు.

ఆమెకు నా నంబరు నోటికి రాదు. కళ్ళు కనబడవు. కడుపులో ఏమీ లేదు.

తప్పిపోయినవాళ్ళ కోసం మైకు పెట్టిన చోటికి పరుగెత్తి పొద్దున బస్సులో తీసిన ఫొటో చూపించాను. అక్కడున్నాయన దాన్ని చూసి పెదవి విరిచాడు.

"దీంట్లో కొప్పుండాది గదమ్మా! ఈడ సూడు, అందురూ గుండ్లే. చీర ఏం రంగు?"

"పోయేటప్పుడు నేరేడు రంగు. స్నానం చేసి వేరేది కట్టుకోని ఉంటుంది, అన్నా."

"ఆ వేరేదేం రంగు?"

తెలియదు. చంకలో చుట్టి ఉన్న చీరను నేను చూశాను గాని, రంగు గుర్తు లేదు. ముఖాలూ రంగులూ అచ్చువేసి బతికేదాన్ని నేను.

ఆయన మైకులో పిలిచాడు. ఆ మైకు నాలుగు భాషల్లో ఆగకుండా పిలుస్తూనే ఉంది, ఎవరూ తలెత్తడం లేదు.

అప్పుడు ఆ యాప్ గుర్తొచ్చింది. మళ్ళీ అత్తకు గుండు పెట్టాలి. నొక్కడానికి వేలు రాలేదు. కళ్ళు మూసుకుని నొక్కాను. ముందు ఏదో ఆట ప్రకటన వచ్చింది. రంగురంగుల మిఠాయిలు పగులుతున్నాయి, పాట మోగుతోంది, అది ముగిసేదాకా మూసెయ్యడానికి వీల్లేదు. ఈలోగా ఆమె ఎక్కడో ఒరిగిపోయి ఉంటుందనే నాకు అనిపించింది. చివరికి బొమ్మ వచ్చింది. గుండుతో పాటు యాప్ ఆమె ముడతలన్నీ తుడిచేసింది. ముక్కు పక్కనున్న పులిపిరిని కూడా మరకనుకుని తీసేసింది. అందులో ఉన్నది మా అత్త కాదు.

ఆ బొమ్మను తీసేసి, కొట్లో రోజూ చేసే పనే చేశాను. పొద్దుటి ఫొటోను నుదురు నుంచి గడ్డం దాకా కత్తిరించాను. కొప్పు లేదు, చీర లేదు. కళ్ళు, ముడతలు, పులిపిరి మిగిలాయి. దాన్ని పట్టుకుని గుంపులో పడ్డాను.

నీళ్ళ కొళాయి పక్కన మెట్ల మీద ఏడెనిమిది మంది గుండ్ల ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో ఒక్కొక్కరి ముందూ ఫోను పెట్టి అడుగుతూ పోయాను. కొంగు తల మీదికి లాక్కుని, ఆకుపచ్చ చీరలో తల వంచుకుని కూర్చున్న ఒకామె ఫోను అందుకుని ముక్కుకు ఆనించుకుంది.

"ఎవురో ముసిల్ది. నేను సూడలేదు పాపా. మీయమ్మా? అయ్యో పాపం."

ఆ గొంతు వినగానే వంగి ఆ కొంగు కిందికి చూశాను.

"అత్తా!"

"ఓసి నువ్వా! యాడ సచ్చినావే ఇంతసేపు?"

చెయ్యి పట్టుకుంటే చెమటతో చల్లగా ఉంది, వణుకుతోంది. బిస్కెట్లు ఒక్కొక్కటీ నోటికందించాను. నాలుగోది తిన్నాక వణుకు తగ్గింది. అప్పుడు చెప్పింది.

"నేను చెప్పిన వాకిట్లోంచే వచ్చినా. ఆడ పసుప్పచ్చ చీర కట్టుకోని ఒకామె ఫోను సూసుకుంటా ఉండాది. నువ్వేననుకోని దగ్గిరికి పోతిని. తలెత్తి నన్ను సూసి, మళ్ళా ఫోను సూసుకుండె. నువ్వయితే అట్ల సూస్తావా? ఎవురోలే అనుకోని వచ్చేస్తిని."

నేను కట్టుకున్నది పసుపుపచ్చ చీర.

"అద్దాలియ్యి" అని చెయ్యి చాపింది.

సంచిలో అద్దాలు వేళ్ళకు తగిలాయి. చెయ్యి బయటికి రావడానికి ఒప్పుకోలేదు.

"నేను నీళ్ళకని అట్ల పోయినా అత్తా" అన్నాను. నేను అక్కడ లేననుకుంటేనే నయమనిపించింది.

అద్దాలు పెట్టుకుని ఆమె నా చీరను భుజం నుంచి కుచ్చెళ్ళ దాకా మెల్లగా చూసింది. నా కొంగు చివర రెండు చుట్లు చుట్టి గుప్పిట్లో పట్టుకుంది.

"పద. మీ మామ ఎదురుసూస్తా ఉంటాడు."

బస్సు దిగేదాకా ఆ గుప్పిట విడవలేదు. వాకిట్లో నిలబడింది ఎవరని ఆమె మళ్ళీ ఎన్నడూ అడగలేదు. ఇద్దరమే ఇంట్లో ఉన్నప్పుడు ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంటూ నావైపు తిరిగితే, ఇప్పుడు అడుగుతుందేమోనని నేను ఊపిరి బిగబట్టుకుంటాను.