నోరు నాది, ఊరు అక్కది

మా ఎదురింటి అక్క పోయింది. గురువారం పొద్దున నేను పాలు కాస్తుంటే ఆమె కూతురు వచ్చి గేటు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "ఆంటీ, అమ్మ తెల్లవారుజామున పోయింది. నిద్రలోనే" అంది. నాకు ముందుగా వచ్చిన ఆలోచన చెబితే మీరు నవ్వుతారో తిడతారో తెలియదు. ఈ పిల్ల ఏమీ తినకుండా వచ్చిందేమో, ఇక్కడే కళ్లు తిరిగి పడుతుందేమో అనుకున్నాను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. నా బుర్ర ఎప్పుడూ అంతే. భయం ముందు వస్తుంది, మిగతావన్నీ దాని వెనకాల వస్తాయి.

సింగపూర్ యీషున్‌లో మా బ్లాకు కింద ఖాళీ జాగాలో తెల్లగుడ్డలు కట్టి, బల్లలు వేసి అక్కను ఉంచారు. వచ్చినవాళ్లకు వేరుశనగలు, అట్టడబ్బాల్లో తీపినీళ్లు పెట్టారు. మా వైపు చావింట మంచినీళ్లు కూడా ముట్టం. ఇక్కడ పెట్టకుండా పంపితే తప్పు. నేను ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని, తాగితే ఏం దోషమో, తాగకపోతే వీళ్లేమనుకుంటారో అని నలిగిపోతూ కూర్చున్నాను.

అప్పుడు అక్క కూతురు తన చుట్టాలను తీసుకొచ్చి, "ఈ ఆంటీయే. అమ్మతో ఇపో ఊరికి వెళ్లిన ఆంటీ" అని చూపించింది.

"ఓ! కాఫీ ఆంటీ!" అంది ఒకావిడ. "ఆ కాఫీ గురించి మీరు చెప్పింది మాకు ఎన్నిసార్లు చెప్పిందో! మంగలంలో శనగలు మాడబోయే ముందు దించితే వచ్చే వాసన అన్నారంట గదా? వినగానే మాకు తాగాలనిపించింది లా." ఇక్కడివాళ్ల మాట చివర ఆ "లా" ఉండాల్సిందే.

నేను తల దించుకున్నాను. పెద్దావిడ మొహమాటపడుతోంది అనుకున్నారు వాళ్లు. కాదండీ. ఆ మాట నేను అనలేదు. ఆ కాఫీ గురించి నేను అన్నది "బాగానే ఉంది" అన్న రెండు ముక్కలే. ఆ శనగల వాసన అక్క తన జ్ఞాపకంలోంచి తీసి నా పేరు మీద చెప్పింది. అందరి దగ్గరా నా పరువు నిలబెట్టి వెళ్లిపోయింది.

మన సంఘం పత్రికకు అక్క గురించి నాలుగు మాటలు రాయమంది మా అమ్మాయి. నేను ఐదో క్లాసుతో ఆగిపోయినదాన్ని. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

అక్క పుట్టింది మలేషియాలో, ఇపో అనే ఊళ్లో. ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రబ్బరు తోటల్లో పనికి వచ్చాడట. పెళ్లయ్యాక అక్క సింగపూర్ వచ్చి, ఒక బడి క్యాంటీన్‌లో చాలా ఏళ్లు వంట చేసింది. ఆంధ్రా ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. కానీ ఆమె తెలుగు వింటే శ్రీకాకుళం నుంచి నిన్ననే వచ్చిందేమో అనిపించేది. మధ్యలో అరవం ముక్క, మలాయ్ ముక్క దొర్లేవి.

మా ఆయన పోయాక నేను అమ్మాయి దగ్గరికి వచ్చిన కొత్తలో నాకు లిఫ్టంటే భయం. తలుపులు మూసుకుంటే మళ్లీ తెరుచుకోవేమోనని దాని ముందు నిలబడి ఉండేదాన్ని. ఒకరోజు వెనక నుంచి, "ఏటి చెల్లీ, అది నిన్ను తినీదు గానీ, ముందు నువ్వు తిన్నావా? మకాన్ అయిపోనాదా?" అని వినిపించింది. మకాన్ అంటే మలాయ్‌లో తిండి. అదీ మా పరిచయం. నేను ఏ భయం చెప్పినా ఆమెది ఒకటే జవాబు. "బయం తరవాత పడొచ్చు, ముందు మకాన్."

మాది శాకాహారం. ఆమె ఎండుచేపలు వేయించేది. వేయించే ముందు వరండాలోకి వచ్చి, "చెల్లీ, తలుపేసీ, సముద్రం వస్తన్నాది!" అని కేకేసేది. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని మజ్జిగ పట్టుకొచ్చేది. నేను పప్పు ఇచ్చేదాన్ని. ఇస్తూనే నా వంటకు నేనే వంకలు పెట్టేదాన్ని. చింతపండు పాతబడి నలుపెక్కింది, ఇంగువ వేరే కొట్టుది, పోపు ఒక్క క్షణం ఎక్కువైంది అని. ఏది తిన్నా, పాడైందేమోనని ముందు నాలుకతో వెతకడం నాకు అలవాటు. అక్క పగలబడి నవ్వేది. "నీది నాలిక కాదే, కస్టమ్సు ఆపీసరు!"

ఆ మాటే నన్ను ఇపోకు తీసుకెళ్లింది.

అక్క గొంతులో గడ్డ లేచింది. ఆసుపత్రిలో కరెంటు పెట్టారు. గడ్డ కరిగింది గానీ దాంతోపాటు నాలుక మీద రుచి కూడా పోయింది. జావ, గంజి తప్ప ఏమీ మింగుడుపడేది కాదు. "అన్నం అట్టముక్క, కాపీ ఏన్నీళ్లు. నాను వండిన కూర నాకే తెలీదు చెల్లీ" అని ఆమె అన్నప్పుడు పసుపు పాలు తాగమన్నాను. ఎంత తెలివైనదాన్నో చూడండి.

కొన్నాళ్లకు ఆమె మా గుమ్మంలోకి వచ్చి, "ఇపో ఎల్దాం వస్తావేటి?" అంది. "మా అమ్మ నన్ను తిప్పిన కొట్లన్నీ ఓపాలి తిరగాల. నాను తినలేను. నువ్వు తిని నాకు చెప్పు. నీ నోరు తెచ్చుకో, చాలు."

"మీ అమ్మాయిని తీసుకెళ్లండి అక్కా."

"అది ఏది తిన్నా నైస్ లా అంటాది. ఎలగ నైసే అంటే వెరీ నైస్ లా అంటాది. ఆ మాటకి బస్సు టిక్కెట్టెందుకు?"

సరేనన్నాను. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. మందులు, మరచెంబు, పులిహోర, రెండు రకాల పచ్చళ్లు, టిష్యూ పొట్లాలు, తాడు ఒకటి. తాడెందుకని మా అమ్మాయి అడిగితే, ఎందుకైనా మంచిదన్నాను. సరిహద్దు దగ్గర మిషను నా బొటనవేలిని గుర్తుపట్టలేదు. నన్ను ఇటూ కాకుండా అటూ కాకుండా అక్కడే ఉంచేస్తారనుకున్నాను. అక్క నా వేలు తన పైటతో తుడిచి మళ్లీ పెట్టించింది.

ఇపో చుట్టూ తెల్లటి సున్నపురాయి కొండలు. ఊళ్లో పాతకాలం మేడలు, వాటి కింద కాఫీ కొట్లు. అక్క గొడుగును చేతికర్రలా పొడుస్తూ నాకంటే ముందు నడిచింది. ఆ నడక చూస్తే జబ్బుమనిషి అనుకోరు.

మొదటి కొట్టులో పాలరాతి బల్లలు. సింగపూర్‌లో టిష్యూ పొట్లం పెడితే ఆ బల్ల మనదని అందరికీ అర్థమవుతుంది గదా. నేను గబగబా ఒక బల్ల మీద పొట్లం పెట్టి అక్క కోసం వెనక్కి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కొట్టామె దాన్ని చెత్తబుట్టలో పడేసి, ఆ బల్ల దగ్గర వేరే వాళ్లను కూర్చోబెట్టింది. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం అందరూ నన్నే చూస్తున్నట్టు ఒళ్లంతా చెమట పట్టింది.

మీకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నా చిన్నతనంలో ఆడది హోటల్లో కూర్చుని తినడమంటే నామర్దా. మా ఆయన నన్ను బజారుకు తీసుకెళ్తే, తను లోపల కాఫీ తాగి, నాకు ఇడ్లీ పొట్లం కట్టించి తెచ్చేవాడు. ఇంటికొచ్చి తలుపేసుకుని తినేదాన్ని. ఇప్పటికీ నలుగురి ముందు నోరు తెరవాలంటే నాకు చెవులు వేడెక్కుతాయి. ఆ నోటిని నమ్ముకుని అంత దూరం వచ్చింది అక్క.

వైట్ కాఫీ వచ్చింది. పక్కన రొట్టె, దాని మీద కొబ్బరి జాము. "అందులో గుడ్డున్నాది, నువ్వు ముట్టకు" అని అక్కే దాన్ని పక్కకు జరిపింది. నేను గోడవైపు తిరిగి, పైట చాటున కాఫీ తాగాను. అక్క కప్పు మీది ఆవిరికి మొహం పెట్టి కళ్లు మూసుకుంది.

"ఎలగున్నాది?"

"బాగానే ఉంది."

"బాగానే అంటే?"

"అంటే... బాగానే ఉందక్కా. కప్పు సరిగా కడిగారో లేదో."

రెండో చోటు ఒక ఇరుకు సందులో ఉంది. పాత ఇంటిని కెఫే చేశారు. కుర్రకారంతా ఫొటోలు తీసుకుంటున్నారు. కొబ్బరిపాలు, తాటిబెల్లం లాంటి పాకం, పచ్చటి సేమియా లాంటివి, పైన మంచు. సెందోల్ అంటారు దాన్ని. ఒక అమ్మాయి ఫోను మావైపు తిప్పింది. మమ్మల్ని తీస్తోందో గోడను తీస్తోందో తెలియదు. నేను చెంచా దించేశాను.

"ఎలగున్నాది?"

"చల్లగా ఉంది."

అక్క నా గిన్నెలో మంచు కరిగి నీళ్లయ్యేదాకా చూసి లేచింది.

బయట మేడల కింద నీడగా నడిచే దారి ఉంది. అక్కడ ఒక మూసిన కొట్టు మెట్టు మీద కూలబడింది. నేను అలవాటుగా, "బస్సు ఎన్నింటికో, కాళ్లు లాగుతున్నాయా, నీళ్లు తాగుతారా" అని మొదలుపెట్టాను.

"నోర్ముయ్ చెల్లీ" అంది. ఎప్పుడూ అనని మాట. "ఇంటికాడ పప్పులో ఇంగువ ఏ కొట్టుదో చెప్తావు. ఇక్కడ నీ నోటికేటొచ్చినాది? నాను పొద్దున్నుంచి నీ మొకమే సూస్తన్నాను. నువ్వు మింగడమే తెలీకుండా మింగుతన్నావు. ఎవుళికి సిగ్గు? ఈలకి నువ్వెవరో తెలీదు. నాకు మళ్లీ ఈ ఊరు రావడం అవదు. బాగానే ఉన్నాదన్న మాట ఇనడానికేనా వచ్చినాను?"

గొంతు బొంగురుపోయి చివరి మాట సరిగా రాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే దారిన పోయేవాళ్లు చూస్తారని అదీ మింగేశాను. ఆ కాసేపూ నా మీద నాకు కలిగిన అసహ్యం ఇప్పటికీ పోలేదు. చచ్చేలోపు తన ఊరి రుచి ఒక్కసారి వినాలని ఒక మనిషి అడిగింది. డబ్బు కాదు, సేవ కాదు. నోరు తెరిచి చెప్పమంది. అదీ చెయ్యలేకపోయాను.

నేనే ఆమె చెయ్యి పట్టుకుని లేపాను. "ఇంకో కొట్టు ఉందా అక్కా?"

"ఒకటున్నాది. ఆకరిది."

అది కొట్టు కూడా కాదు, రోడ్డు పక్క బండి. సోయాపాలను తోడుపెట్టినట్టు చేసి, గరిటెతో పొరలు పొరలుగా తీసి, పాకం పోసి ఇస్తారు. తౌఫూఫా దాని పేరు. "నాకు జొరం వస్తే మా అమ్మ ఇక్కడికే ఎత్తుకొచ్చీది. అల్లం పాకం పోసీవోడు అప్పటి బండి ముసిలోడు. గొంతు దిగీటప్పటికి చెమట పట్టీసీది" అంది అక్క. ఇద్దరం ప్లాస్టిక్ స్టూళ్ల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. నేను గోడవైపు తిరగలేదు. అక్కడ గోడ లేదు కూడా.

ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను.

"జున్నులా ఉందక్కా" అన్నాను. "కానీ గట్టి జున్ను కాదు. మూడోనాటి పాలతో చేస్తే జారుగా వస్తుందే, అది. నాలుక మీద నిలబడటం లేదు. నేను మింగకముందే అదే దిగిపోతోంది."

"ఊఁ."

"పచ్చివాసన కొంచెం ఉంది. నానేసిన పెసరపప్పు పొట్టు కడిగేటప్పుడు వస్తుంది చూడండి, ఆ వాసన. పాకం బెల్లంది కాదు, పంచదార మాడ్చారు. చివర్లో రవ్వంత చేదు తగులుతోంది. ఏదో ఆకు వేశారు, కొత్తబియ్యం ఉడికినట్టుంది."

"పండాన్ ఆకు!" అక్క ముందుకు వంగింది. "మరి అల్లం?"

వెతికాను. ఇంకో చెంచా తిన్నాను. పాకం ఒక్కటే తీసి నాలుక వెనక దాకా పోనిచ్చాను. అక్క నా మొహం వంకే చూస్తోంది. ఉందని చెబితే చాలు, ఆ ముసలిప్రాణం సంతోషిస్తుంది. నా నోటికి అలవాటైన మాట, బాగానే ఉంది అన్నట్టే. కానీ దానికోసం కాదు గదా నన్ను తెచ్చుకుంది.

"లేదక్కా" అన్నాను. "అల్లం లేదు."

"సరిగ్గా సూడు."

"చూశాను. ఒక్క చుక్క లేదు."

అక్క బండామెను మలాయ్‌లో అడిగింది. ఆమె చేతులు తిప్పుతూ ఏదో చెప్పింది. మామగారి కాలంలో అల్లం దంచి పోసేవారట, ఇప్పటి పిల్లలు ఘాటు వద్దంటున్నారని మానేశారట. నేను తప్పుచేసినదానిలా గిన్నెలోకి చూస్తున్నాను. అక్క నా తొడమీద ఒక్కటి చరిచింది.

"ఒలమ్మ! అయితే నా నాలికొక్కటే కాదు, ఈ ఊరి నాలికా పోనాది!" అని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. "ఇన్నాల్నించీ నా ఒక్కదానికే పోనాదనుకున్నాను. తిను చెల్లీ. ఇంకా తిను. ఇంకేటున్నాదో చెప్పు."

కాఫీ కొట్టుకు మళ్లీ వెళ్దాం, ఈసారి సరిగా చెబుతాను అన్నాను. అక్కకు ఓపిక లేదు. అందుకే అందరికీ చెప్పాలని రాస్తున్నాను, ఆ శనగల మాట నాది కాదు. నేను సరిగా చెప్పింది ఆ ఒక్క బండి దగ్గరే.

బండి ముందు వరసలో నిలబడ్డవాళ్లు మావైపు చూస్తూనే ఉన్నారు. నా చెవులు కాలిపోతూనే ఉన్నాయి. అయినా పైట అడ్డం పెట్టుకోలేదు. చెంచా నా నోటి దగ్గరికి వచ్చినప్పుడల్లా, బిడ్డకు ముద్ద పెట్టే తల్లిలా, అక్క నోరు కూడా తెరుచుకునేది. నేను మింగేదాన్ని. మెడకు చుట్టుకున్న నీలం గుడ్డ కింద ఆమె గొంతు మెల్లగా కదిలేది.