నాయన కేక ఉన్న ఫైలు

దగ్గరకు జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పే ఓపిక నాకు లేదు.

మాది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. నాయన నేస్తూ పాడుకునేవాడు. ఆయన పోవడానికి ముందు ఏడాది నా బటన్ ఫోనులో ఒక పాట రికార్డు చేశాను. పాట అయిపోయాక అందులో ఆయన అమ్మను కేకేస్తాడు: "ఏమే, రోంత నీళ్లు తేవే!" అమ్మకు పాట కన్నా ఆ కేకే కావాలి. రోజూ ఒకసారి పెట్టించుకునేది.

ఆ ఫోను చెడిపోయింది. అందులోని మెమరీ కార్డు తీసి కొత్త ఫోనులో వేస్తే ఫైలు కనబడుతుంది గానీ పాడదు. బస్టాండు దగ్గర సెల్లు అంగడికి పోయాను.

అంగడాయన చూసి, "ఇది ఏఎమ్మార్ అక్కా, పాత ఫోన్ల రకం. ఎంపీత్రీ చేసిస్తా," అన్నాడు.

"గొంతు మారదు కదప్పా?"

"సంచి మారుస్తాండా అక్కా, బియ్యం కాదు."

కంప్యూటర్లో ఏదో నొక్కి వినిపించాడు. మగ్గం చప్పుడు, దాని మీద నాయన గొంతు. స్టూలు మీద కూర్చుండిపోయాను.

"పాతది ఉంచేదా, తీసేసేదా? కార్డు నిండిపోయిండాది."

మగ్గం మీద చీరలు అయిపోతే, కొత్త పడుగు పోగులను, అంటే నిలువు దారాలను, పాత పోగుల కొసలకు ఒక్కొక్కటే అతుకుతాం. అతుకు దాటి నేత మొదలైందా, పాత కొసలు కోసి పారేయడమే. ఊహ తెలిసినప్పటి నుంచి చేస్తున్న పని. ఆ అలవాటుతోనే, "కొత్తది నడుస్తాండాది కదా, పాతది తీసేయప్పా," అన్నాను.

ఇంటికొచ్చి అమ్మకు పెట్టాను. చరణం మధ్యలో పాట తెగింది. మళ్లీ పెట్టాను, అక్కడే తెగింది. తిరిగి అంగడికి పరుగు. ఊరకే దొరికే సాఫ్ట్‌వేరు కదా, ఒక నిమిషం వరకే మార్చిందట. చివరిదాకా ఆయనా వినలేదు, నేనూ వినలేదు. తీసేసిన పాత ఫైలు కోసం రెండు రోజులు కార్డు తన దగ్గరే పెట్టుకుని వెతికాడు పాపం. దొరకలేదు.

అమ్మకు నేను చెప్పలేదు. ఆమే అడిగింది.

"నన్ను పిలిచేది యాడ పోయిందే?"

"నేనే తీసేయమన్నా మా."

అమ్మ ఫోను నా చేతికిచ్చింది. తర్వాత, "పోనీలే. బతికుండంగా ఆయప్ప ఒక్క కేకకు నేను ఎప్పుడన్నా లేచినానా? ఉన్నంత పెట్టు," అంది.

రోజూ ఉన్నంతే పెడుతున్నాను. పాట తెగాక కూడా అమ్మ ఫోనును చెవికి ఆనించుకుని అట్లే కూర్చుంటుంది. ఏం వింటున్నావని అడగను, ఫోను తీసుకోను.

మీ ఇంట్లో పిలిచేవాళ్లూ పలికేవాళ్లూ నిండుగా, చల్లగా ఉండాలి.